పైరుకు తెగులొస్తే పట్టుకుంటాం, మనిషికి దిగులొస్తే?

సీమ రైతుకు పైరును చూడగానే దాని బాగోగులు తెలుస్తాయి. వేరుశనగ ఆకు మీద చిన్న మచ్చ కనిపిస్తే తిక్క తెగులని చెప్పేస్తాడు. శనగ చేలో నాలుగు మొక్కలు తల వాలిస్తే ఎండు తెగులు దిగిందని గట్టు మీద నుంచే గుర్తు పడతాడు. చీనీ తోటలో ఒక కొమ్మ పైనుంచి ఎండుతూ వస్తే ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టదు. ఎద్దు ఒక పూట మేత ముట్టకపోతే పశువుల డాక్టరు కోసం మనిషిని పంపిస్తాడు. అదే పక్కింటి మనిషి నెల దినాలుగా రచ్చకట్టకు రాకపోయినా, గడ్డం పెరిగి పోతున్నా, పలకరిస్తే తల దించుకుని పోతున్నా పట్టించుకోడు. ఎవరైనా అడిగితే "ఏమోనప్పా, ఏదో మనేద పెట్టుకున్నాడంట" అని ఊరుకుంటాడు.

ఆ మనేదనే డాక్టర్లు డిప్రెషన్ అంటున్నారు. మనం మానసిక కుంగుబాటు అనుకోవచ్చు. ఇది పిరికితనం కాదు, పిచ్చి అంతకంటే కాదు. మధుమేహం, రక్తపోటు లాంటి జబ్బే. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో, మన దేశంలో ప్రతి 20 మంది పెద్దవాళ్ళలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడినవారేనని తేలింది. ఇలాంటి మామూలు మానసిక జబ్బులున్న ప్రతి 100 మందిలో 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఈ లెక్కన చూస్తే మన ఊరూరా ఈ జబ్బు ఉంది. దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు.

దిగులు వేరు, కుంగుబాటు వేరు

చేను ఎండిపోతే దిగులు పడని రైతు ఉండడు. ధర పడిపోతే నాలుగు రోజులు అన్నం సయించదు. ఇది సహజం. వాన పడినా, నాలుగు రూపాయలు చేతికొచ్చినా, మనవడు వచ్చి మెడకు చుట్టుకున్నా ఆ దిగులు కొంత తగ్గుతుంది. కుంగుబాటు అలా కాదు. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువ సేపు మనసు బరువుగా ఉంటుంది. ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోతుంది. వీటికి తోడు నిద్ర, ఆకలి తప్పుతాయి. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడదు. ఏ పనీ చేయకుండానే అలసట కమ్ముకుంటుంది. చిన్న లెక్క కూడా తెగదు. "నా వల్లే అందరికీ ఈ కష్టం, నేను ఎందుకూ పనికిరాను" అనే మాట లోపల తిరుగుతూనే ఉంటుంది.

మన రైతులు మనసు బాగాలేదని డాక్టరుకు చెప్పరు. గుండె దడ అంటారు, తల దిమ్ము అంటారు, ఒళ్ళంతా పీకుతోందంటారు, కడుపులో మంట అంటారు. ఊళ్ళోని ఆరెంపీ ఒక గ్లూకోజు సీసా ఎక్కించి, బలానికి సూది వేసి పంపిస్తాడు. నాలుగు రోజులు బాగున్నట్టే ఉండి మళ్ళీ మొదటికొస్తుంది. గాలి సోకిందేమోనని అంత్రం కట్టిస్తారు. ఈ తిరుగుళ్ళలో ఆరు నెలలు గడిచిపోతాయి, చేతిలో ఉన్న కాస్త డబ్బూ అయిపోతుంది. దేవుడికి మొక్కుకోవడం తప్పని ఎవరూ అనరు. మొక్కు మొక్కుకుంటూనే ఆసుపత్రికి కూడా పోవాలి.

ఎందుకొస్తుంది?

ఈ జబ్బుకు ఒకే కారణం చెప్పడం కుదరదు. కొందరికి వంశంలోనే ఉంటుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, మధుమేహం, మానని నొప్పులు కూడా దీన్ని తెస్తాయి, లేదా పెంచుతాయి. కాన్పు తర్వాత బాలింతలకు రావచ్చు, ముసలితనంలో ఒంటరితనం వల్లా రావచ్చు. లోకంలో ఎక్కడ చూసినా మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. నేలలో తేమ, గాలిలో చలి, పైరు రకం మూడూ కలిస్తే తెగులు వచ్చినట్టే, మనిషి తత్వమూ ఒంటి స్థితీ బతుకు ఒత్తిడీ కలిసినప్పుడు కుంగుబాటు వస్తుంది.

మెట్ట సేద్యానికి ఇందులో ప్రత్యేకమైన సంబంధం ఉంది. పాము కనబడితే మన ఒళ్ళు ఒక్కసారిగా అప్రమత్తమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నిద్ర ఎగిరిపోతుంది, రక్తంలోకి కార్టిసాల్ అనే హార్మోను వచ్చి చేరుతుంది. పాము వెళ్ళిపోగానే అంతా సర్దుకుంటుంది. ఆ ఏర్పాటు కాసేపటి అపాయం కోసం ఉన్నది. వాన వస్తుందో రాదో అని రెండు నెలలు, ధర ఉంటుందో లేదో అని మరో రెండు నెలలు, నూటికి మూడు రూపాయల వడ్డీ ఏడాది పొడుగునా ఉంటే ఆ పాము ఇంట్లోనే కాపురం పెట్టినట్టు. ఒళ్ళు ఎప్పుడూ అప్రమత్తంగానే ఉండిపోతుంది. నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే ఆలోచన చెడుతుంది. ఆలోచన చెడితే ఉన్న దారి కూడా కనబడదు.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. మనం ఎంత కష్టపడినా ఫలితం మన చేతిలో లేదని పదే పదే అనుభవమైతే మనసు ప్రయత్నించడమే మానుకుంటుంది. కర్నూలు ఉల్లి రైతు సంగతే చూడండి. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పంట బాగానే వచ్చినా ధర కుప్పకూలింది. క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రభుత్వమే ముందుకు రావలసి వచ్చింది. పత్తికొండ, ప్యాపిలి వైపు టమాటా రైతు బాడుగ కూడా రాక కాయను రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. పంట ఎండితే వాన మీద నెపం వేయవచ్చు. పండినా నష్టపోతే ఎవరి మీద వేయాలి? చివరికి ఆ నెపం రైతు తన మీదే వేసుకుంటాడు. కుంగుబాటుకు దారి తెరుచుకునేది అక్కడే.

ఊరి కరువు, ఒంటరి కరువు

"మన పెద్దలు ఇంతకంటే పెద్ద కరువులు చూసినారు, ఎవరూ ఇట్లా దిగులుపడి కూర్చోలేదే" అని కొందరు పెద్దలు వాదిస్తుంటారు. కరువులు చూసిన మాట నిజమే. 1876-78 నాటి ధాత కరువు సీమను తుడిచిపెట్టింది. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చనిపోయారు. దానికి ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి గంజి పోయించి ప్రాణాలు నిలిపిన సంగతి కర్నూలు జిల్లాలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆ రోజులు ఇప్పటికంటే మేలనడం అన్యాయమవుతుంది. ఆనాడు ఎందరి మనసులు విరిగిపోయినాయో లెక్క రాసినవాళ్ళు లేరు.

అయితే ఒక తేడా మాత్రం ఉంది. ఆ కరువు ఊరందరిది. మన చేను ఎండితే పక్క చేనూ ఎండేది. గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడడానికి సిగ్గుపడే పని లేదు, ఎందుకంటే ఊరంతా ఆ వరుసలోనే ఉంది. ఈనాటి కరువు ఒక్కొక్కరికి విడివిడిగా వస్తోంది. నా బోరులో నీళ్ళు పడవు, గట్టు అవతల మామ బోరులో రెండంగుళాలు పడతాయి. నేను గుత్తకు తీసుకున్న చేలో శనగ పోతుంది, కాలువ కింద ఉన్నవాడిది నిలబడుతుంది. కె.సి. కాలువ నీళ్ళు చూసే ఊరూ, చుక్క నీళ్ళు లేని ఊరూ ఒకే మండలంలో ఉంటాయి. అందరికీ వచ్చిన నష్టం విధి అనిపిస్తుంది. ఒక్కడికే వచ్చిన నష్టం ఆ ఒక్కడి చేతకానితనంలా కనిపిస్తుంది. ఊరు అలా అనకపోయినా అతనికి అలాగే వినబడుతుంది.

పరువు అనేది సీమలో చిన్న మాట కాదు. మాట తప్పినాడన్న పేరు రాకూడదని మూడో బోరు వేస్తాడు. వియ్యంకుడి ముందు తక్కువ కాకూడదని అప్పు చేసి పెండ్లి చేస్తాడు. వాయిదా తప్పినాక బజారులోకి రావడం మానేస్తాడు. అప్పు ఎంత ఉందో భార్యకు కూడా చెప్పడు. అప్పుకంటే ఆ మౌనమే మనిషిని ఎక్కువ తినేస్తుందని నా అభిప్రాయం. ఆ మౌనాన్ని మరిచిపోవడానికి సాయంత్రం సారాయి అంగడి దారి పడతాడు. మందు తాగిన గంట సేపు బరువు తగ్గినట్టుంటుంది. నిజానికి మద్యం మెదడును మరింత కుంగదీస్తుంది, నిద్రను చెడగొడుతుంది, అప్పును పెంచుతుంది, ఇంట్లో గొడవలు తెస్తుంది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా తక్కువగా బయటికొస్తుంది. తెల్లారక ముందే లేచి కూలికి పోయి, పొదుపు సంఘం కంతు కట్టి, మొగుని తాగుడు భరించి, బిడ్డల ఫీజులు వెతుక్కునే తల్లికి దిగులు పడడానికి కూడా తీరిక ఉండదు. ఆమె ఒళ్ళు నొప్పులే ఆమె మాట. కూలీల పరిస్థితీ అంతే. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2023లో దేశంలో సేద్యం మీద బతికే 10,786 మంది ఆత్మహత్య చేసుకుంటే, అందులో 4,690 మంది రైతులు, 6,096 మంది వ్యవసాయ కూలీలు. భూమి లేనివాడి దిగులు గురించి మనం ఎంత తక్కువ మాట్లాడుతున్నామో ఈ అంకెలే చెబుతున్నాయి.

రెండు వాదాలూ తప్పే

ఈ విషయంలో రెండు పక్షాలు ఉన్నాయి. "అప్పులేం కాదు, వాడికి మనసు స్థిమితం లేదు, తాగుబోతు" అనేది ఒక పక్షం. "రైతుకు పిచ్చి అంటగట్టవద్దు, గిట్టుబాటు ధర ఇస్తే అన్నీ సర్దుకుంటాయి" అనేది రెండో పక్షం. మొదటి మాట ప్రభుత్వానికి సౌకర్యంగా ఉంటుంది. రెండో మాటలో న్యాయం ఉంది గానీ, ఈ రాత్రి నిద్ర పట్టని మనిషికి అది సరిపోదు.

రైతు కుటుంబాలు ఈ జబ్బు పేరు చెప్పడానికి ఎందుకు భయపడతాయో కూడా అర్థం చేసుకోవాలి. 2004 జూన్‌లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ఇచ్చేవారు. 2015లో దాన్ని 5 లక్షలకు, 2019లో 7 లక్షలకు పెంచారు. ఆ సాయం రావాలంటే సేద్యపు అప్పే కారణమని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల విచారణలో తేలాలి. జబ్బని రాస్తే, తాగుడని రాస్తే, ఇంటి గొడవని రాస్తే సాయం ఆగిపోతుందనే భయం ఆ ఇంటిది. కౌలు రైతు ఇంటికైతే చూపించడానికి కాగితమే ఉండదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇస్తామన్నా, భూ యజమాని సంతకం పెట్టనిదే ఆ కార్డు రాకపోవడంతో చాలామందికి అది అందలేదు.

కనుక ఒక సంగతి తేల్చి చెప్పుకోవలసిన అవసరం ఉంది. కుంగుబాటు జబ్బే. దాని వేరు చాలా సార్లు పొలంలో, మార్కెట్లో, అప్పు కాగితంలో ఉంది. నీటి కాలుష్యంతో కలరా వస్తే నీళ్ళు శుభ్రం చేయడం ఒక పని, రోగికి సెలైన్ పెట్టడం ఇంకొక పని. ఒకటి చేసి రెండోది ఎగ్గొట్టడానికి వీల్లేదు. జబ్బు అనిపించుకున్నంత మాత్రాన రైతు హక్కు పోకూడదు, హక్కు కోసం పోరాడుతున్నామని జబ్బును దాచుకోకూడదు.

ఏం చేయాలి?

మొదటిది, మాట. అప్పు మొత్తం ఎంతో, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో నమ్మకమున్న ఒకరికి చూపించాలి. మనసులో ఉన్న అప్పు కొండంత కనిపిస్తుంది, కాగితం మీదికొస్తే అది ఒక అంకె అవుతుంది. కరువు మండలంగా ప్రకటించి పంట నష్టం 33 శాతం దాటితే బ్యాంకు పంట రుణాన్ని కాలం పొడిగించి సర్దుబాటు చేసే వీలుంది. 50 శాతంగా ఉన్న ఆ హద్దును 2015లో తగ్గించారు. బ్యాంకు పిలిచేదాకా దాక్కోకుండా మనమే వెళ్ళి అర్జీ పెట్టుకోవడం మేలు. ప్రైవేటు అప్పులవాళ్ళు వేధిస్తుంటే 15100 నంబరుకు ఫోను చేసి ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు.

రెండోది, దినచర్య. మనసు బాగైనాక పని చేద్దామనుకుంటే ఈ జబ్బులో ఆ రోజు రాదు. పని మొదలుపెడితేనే మనసు కొంచెం కొంచెంగా కదులుతుంది. రోజూ ఒకే వేళకు లేవడం, చేను దాకా నడిచి రావడం, వేళకు రెండు ముద్దలు తినడం, రోజుకు ఒక మనిషితోనైనా మాట్లాడడం చిన్నవిగా కనిపించినా మందులాంటివే. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతల మాటలతో ఇదే పద్ధతిని నేర్పించారు. చాలామంది తేరుకున్నారని 2016 చివర్లో వెలువడిన ఫలితాలు రుజువు చేశాయి. మద్యం మాత్రం పూర్తిగా మానాలి. రోజూ ఎక్కువగా తాగే అలవాటుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు సలహాతో మానడం క్షేమం.

మూడోది, వైద్యం. కర్నూలు పెద్దాసుపత్రిలోనూ, కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. కుంగుబాటు మందులు నిద్ర మాత్రలు కావు, వాటికి బానిసలవుతారన్నది అపోహ. అవి పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే "గుణం కనబడలేదు" అని ఆపేయకూడదు. బాగైనాక కూడా ఆరు నెలలకు తగ్గకుండా వాడాలి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆసుపత్రికి పోలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ సేవ రాత్రింబవళ్ళు ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవాళ్ళకు, ఇరుగుపొరుగుకు

"ధైర్యంగా ఉండప్పా, ఇంత చిన్నదానికే ఇట్లయితే ఎట్లా?" అని చెప్పడం మనకు అలవాటు. కాలు విరిగినవాడిని లేచి పరుగెత్తమన్నట్టు ఉంటుంది ఆ మాట. దానికి బదులు "చిన్నాయనా, నీవు నిద్రపోయి ఎన్ని దినాలైంది?" అని అడిగి పక్కన కూర్చోండి. సలహా చెప్పకుండా వినండి. బతుకు మీద ఆశ పోయినట్టు మాట్లాడుతుంటే "చనిపోవాలనే ఆలోచన వస్తోందా?" అని నేరుగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది పొరపాటు. అడిగినవాళ్ళు దొరికినందుకు చాలామంది బరువు దించుకుంటారు. అలాంటి మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పురుగు మందులను ఇంట్లో పెట్టకుండా, తాళం వేసిన పెట్టెలో దూరంగా ఉంచడం ఎంతైనా అవసరం. ఆ ఆలోచన చాలా సార్లు కొద్ది సేపే బలంగా ఉండి దాటిపోతుంది. ఆ కాసేపు అందుబాటులో లేకపోతే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంకలో 1995 నుంచి ఎక్కువ విషమున్న మందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. ఇరవై ఏళ్ళలో ఆ దేశపు ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది, పంట దిగుబడి మాత్రం తగ్గలేదు. పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి పోవడం ఆలస్యం చేయవద్దు. 2018లో అమలుకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, వైద్యం ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిదని చెబుతోంది.

ప్రభుత్వం చేయవలసింది

మన పొరుగునే ఉన్న బళ్ళారి జిల్లాలో 1980లలోనే నిమ్హాన్స్ వారు పల్లె ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని జనం దగ్గరికి తెచ్చారు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పోయి కుంగుబాటును గుర్తించి, డాక్టరు దగ్గరికి పంపే పద్ధతిని ప్రయోగాత్మకంగా నడిపారు. అక్కడ వీలైంది ఆదోని, ఆలూరు, పులివెందుల, రాయచోటి పల్లెల్లో ఎందుకు వీలు కాదు? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందులు ఉండాలి. కర్నూలు, ఆదోని, మైదుకూరు మార్కెట్ల గోడల మీద, బ్యాంకుల్లో, రైతు సేవా కేంద్రాల్లో 14416 అంకెను ధరల పట్టిక పక్కనే పెద్దగా రాయించాలి. కౌలు రైతుకు యజమాని దయ మీద ఆధారపడని గుర్తింపు రావాలి. చనిపోయినాక 7 లక్షలు ఇవ్వడానికి జీవో ఉంది. బతికుండగా చేయి పట్టుకోవడానికి అంతటి పట్టుదల కనిపించాలి.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేయగలిగిన పని ఒకటుంది. రైతు సోదరులారా, సోదరీమణులారా! కొంతకాలంగా మీ ఊళ్ళో బజారుకు రాని మనిషి ఎవరో మీకు తెలుసు. పేరు కూడా ఇప్పుడు గుర్తుకొచ్చి ఉంటుంది. రేపు చేనికి పోయే ముందు ఆ ఇంటి అరుగు మీద పది నిమిషాలు కూర్చోండి. అప్పు సంగతి ఎత్తవద్దు, పంట సంగతి కూడా ఎత్తవద్దు. ఎట్లా ఉన్నావని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.